‘ది ఎటర్నాట్’ తొలి అభిప్రాయాలు: హువాన్‌ను మాజీ సైనికుడిగా మార్చడం సరైనదేనా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

2025 ఏప్రిల్ 30న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన అర్జెంటీనా సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘ది ఎటర్నాట్’ ఆరు భాగాలూ చూశాను. మన జిల్లాల మిత్రులు కూడా కొందరు చూశారని తెలిసి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కథలోని మలుపులన్నీ ఇక్కడ ప్రస్తావనకు వస్తాయి కాబట్టి చూడాలనుకుంటున్నవారు చూసిన తర్వాతే చదవడం మంచిది.

కథ క్లుప్తంగా ఇది. వేసవి రాత్రి బ్యూనస్ ఐరెస్ నగరంలో కొందరు పాత స్నేహితులు ఒక ఇంట్లో కూర్చుని పేకాడుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి, కిటికీ బయట మంచు కురవడం మొదలవుతుంది. ఆ మంచు ఒంటికి తగిలిన మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. రికార్డో దరీన్ పోషించిన హువాన్ సాల్వో, ఒళ్లంతా కప్పుకుని, ముఖానికి మాస్కు బిగించుకుని, కూతురు క్లారాను వెతకడానికి ఆ మంచులోకి అడుగుపెడతాడు. ఆ తర్వాత పెద్ద పెద్ద పురుగులు, వాటి వెనుక మరెవరో, వారి వెనుక ఇంకెవరో ఉన్నారని ఒక్కో పొరా విడిపోతూ తెలుస్తుంది.

దీనికి ఆధారమైన కామిక్స్‌ను ఎక్టోర్ ఓస్టెర్‌హెల్డ్ రాయగా ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్ బొమ్మలు వేశారు. 1957 నుంచి 1959 వరకు అది ఒక వారపత్రికలో వచ్చింది. తన కథలో నిజమైన నాయకుడు ఒక్క మనిషి కాదని, ఒక జనసమూహమని ఓస్టెర్‌హెల్డ్ తర్వాతి కాలంలో స్వయంగా రాశారు. ఆ మాట వల్లే ఆ కథ అర్జెంటీనాలో అంతటి గౌరవం పొందిందని నా నమ్మకం.

నా అభ్యంతరం కూడా అక్కడే ఉంది. కామిక్స్‌లో హువాన్ ఒక చిన్న కార్ఖానా నడుపుకునే గృహస్థు. సిరీస్ దర్శకుడు బ్రూనో స్టాగ్నారో కథను నేటి కాలానికి తెచ్చి, హువాన్‌ను 1982లో బ్రిటన్‌తో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషిగా మార్చారు. తుపాకీ పట్టడం ముందే తెలిసినవాడిని గుంపు మధ్యలో నిలబెడితే కథ బరువంతా మెల్లగా అతని భుజాలమీదికే జారుతుంది. మొదటి మూడు భాగాల్లో ఎవరి ఆలోచన ఎవరిని కాపాడిందో చెప్పలేనంతగా అందరూ కలిసిపోయి ఉంటారు. చివరి రెండు భాగాలకు వచ్చేసరికి కెమెరా హువాన్‌ను వదలదు, మిగతావారు అతని వెంట నడిచేవారుగా మిగిలిపోతారు.

ఈ మార్పును నేను ఇంత పట్టించుకోవడానికి కారణం మన ప్రాంతమే. తెరమీద రాయలసీమ అంటే ఒకే ఒక్క మగవాడు, అతని చేతిలో ఒక వేటకొడవలి, అతని చుట్టూ పేరులేని జనం. ఆ బొమ్మను ఏళ్ల తరబడి భరించిన ప్రేక్షకులకు, పేరులేని జనమే నాయకులైన కథ ఎంత విలువైనదో విడమరిచి చెప్పనక్కరలేదు. అటువంటి కథ కూడా చివరికి ఒక్కడి చేతిలోని తుపాకీ దగ్గరికి చేరుతుంటే బాధ కలిగింది. మీకు ఎలా అనిపించింది?

పెన్నా_ఇసుక (కడప)

తుంగభద్ర_గట్టు గారూ, మీ బాధ నాకు అర్థమైంది కానీ మీ తీర్పుతో ఏకీభవించలేను. మీరు హువాన్‌ను యుద్ధవీరుడిగా చూస్తున్నారు. సిరీస్ అతన్ని అలా చూపలేదు.

ఫాక్‌లాండ్స్ యుద్ధానికి అర్జెంటీనా సైనిక ప్రభుత్వం పంపినవారిలో ఎక్కువమంది నిర్బంధ సైనిక శిక్షణలో ఉన్న పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్లు. దక్షిణ అట్లాంటిక్ చలిలో, చాలీచాలని బట్టలతో, సరైన తిండి కూడా లేకుండా వారు గుంతల్లో కాపలా కాశారు. 74 రోజుల్లో ముగిసిన ఆ యుద్ధంలో 649 మంది అర్జెంటీనా సైనికులు చనిపోయారు. తిరిగివచ్చినవారిని దేశం చాలాకాలం పలకరించలేదు. కాబట్టి హువాన్ గతం ఒక విజయగాథ కాదు. తమను పాలించేవారే మంచులోకి నెట్టిన ఒక తరం కథ అది. అతను మళ్లీ తెల్లటి నేలమీద నడుస్తున్నప్పుడు పాత జ్ఞాపకాలు వచ్చి మీదపడే దృశ్యాలు చూడండి. అక్కడ తుపాకీ అతనికి బలంగా కనిపించదు, మానని పుండులా కనిపిస్తుంది.

ఇంకో మాట. 1957 నాటి చిన్న కార్ఖానా యజమాని ఆనాటి పాఠకుడికి ‘నాలాంటి మనిషే’ అనిపించి ఉంటాడు. నేటి అర్జెంటీనాలో అరవై దాటిన మగవాడిని సామాన్యుడిగా చూపాలంటే అతని జీవితంలోకి 1982 ఏదో ఒక దారిలో వచ్చి తీరుతుంది. నియంతృత్వాన్ని, యుద్ధాన్ని, ఆర్థిక పతనాలను దాటివచ్చిన సామాన్యుడు ఎలా ఉంటాడో దర్శకుడు అలాగే చూపించాడు. కామిక్స్‌లోని హువాన్‌ను ఉన్నవాడిని ఉన్నట్టు తెచ్చి నేటి వీధిలో నిలబెడితే అతను మ్యూజియం బొమ్మలా ఉండేవాడు.

అతను మొదటిసారి బయటికి వెళ్లింది కూడా పోరాడటానికి కాదు. బిడ్డ ఎక్కడుందో తెలియని తండ్రి ఎవరైనా ఆ పనే చేస్తాడు.

డీజిల్_మేస్త్రి (అనంతపురం)

అన్నా, నేను ఈ సిరీస్‌ను వేరే కోణంలో చూశాను. నా దృష్టిలో దీని నాయకుడు హువాన్ కాదు, పేకాట జరిగిన ఆ ఇంటి యజమాని ఫవాల్లి. అతని నోట వచ్చే ‘పాతవే పనిచేస్తాయి’ అనే మాట సిరీస్ వచ్చాక అర్జెంటీనా అంతటా జనం నోళ్లలో నానింది. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే అది నా వృత్తికి సంబంధించిన సత్యం.

కొత్త బండ్లన్నీ ఎందుకు ఆగిపోయాయో, పాత బండి ఎందుకు కదిలిందో సిరీస్‌లో పెద్దగా వివరించలేదు కనుక రెండు మాటలు చెబుతాను. ఇప్పటి డీజిల్ బండిలో ఇంజనుకు ఎంత ఆయిలు, ఏ క్షణంలో చిమ్మాలో ఈసీఎం అనే చిన్న పెట్టె నిర్ణయిస్తుంది. సెన్సర్లు చెప్పింది విని అది ఇంజెక్టర్లకు కరెంటు పంపుతుంది. బలమైన విద్యుదయస్కాంత తరంగం తగిలి ఆ పెట్టె కాలిపోతే ఇంజను నిక్షేపంగా ఉన్నా బండి ఇనుప ముద్దతో సమానం. పాత డీజిల్ ఇంజనులో ఆ పని మొత్తం పంపు చేస్తుంది. పళ్లచక్రాలు తిరిగితే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితే ఆయిలు చిమ్ముతుంది, లోపలి గాలి బాగా ఒత్తుకుని వేడెక్కి దాన్ని మండిస్తుంది. దానికి స్పార్కు ప్లగ్గు కూడా అక్కరలేదు. మా జిల్లాలో బావుల దగ్గర ఒకప్పుడు ఉండిన ఐదు గుర్రాల ఇంజన్లను డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిల్ వేసి చేత్తో తిప్పి స్టార్టు చేసేవాళ్లం. బ్యాటరీ మాటే లేదు. పాత పెట్రోలు బండికి కూడా కావలసింది ఒక కాయిలు, పాయింట్లు, కండెన్సరు మాత్రమే, వాటిని రోడ్డు పక్కన కూర్చుని మార్చుకోవచ్చు.

ఇంత వివరం ఎందుకు చెప్పానంటే, పాత యంత్రం ఊరికే పనిచేయదు. దాని గుట్టు తెలిసిన మనిషి పక్కన ఉంటేనే పనిచేస్తుంది. ఫవాల్లి ఇంట్లో దాచుకున్న పాత సామాను, దాన్ని బాగుచేయగల చేతులు, అందులో ఏది ఎందుకు పనికొస్తుందో తెలిసిన బుర్ర, ఇవన్నీ కలిస్తేనే హువాన్ బయట అడుగుపెట్టగలిగాడు. అతని ఒంటిమీది తొడుగును అతుకు అతుకూ చూసి బిగించినవారు లోపల ఉన్నారు. నడిచినవాడు ఒకడే కనిపిస్తాడు గానీ ఆ నడక వెనుక ఇంటిల్లిపాదీ ఉన్నారు. అందుకే ఇది ఒక్కడి కథ అయిందన్న మీ మాట నాకు ఒప్పుదల కాలేదు.

పాత_కామిక్స్ (ప్రొద్దుటూరు)

మూల కామిక్స్ 2015లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. దాన్ని చదివినవాడిగా నాకు తోచింది కొంచెం వివరంగానే రాస్తాను.

హువాన్ సైనికుడయ్యాడా లేదా అన్నది నాకు రెండో విషయం. కామిక్స్‌లో హువాన్, ఫవాల్లి మాత్రమే కాదు, ఫ్రాంకో అనే కార్ఖానా కార్మికుడు ఉంటాడు. చదువుకున్న ప్రొఫెసరు ఫవాల్లి లెక్కలు వేస్తుంటే, కార్ఖానా యజమాని హువాన్ తటపటాయిస్తుంటే, చాలా సందర్భాల్లో ముందుకు దూకి అందరినీ గట్టెక్కించేది ఆ కార్మికుడే. వేర్వేరు బతుకుల మనుషులు ఒకే తుపాకీని చేతులు మార్చుకోవడంలో ఓస్టెర్‌హెల్డ్ చెప్పదలచిన సమష్టి ఉంది. సిరీస్‌లో పేకాట స్నేహితులు ఒమార్, లూకాస్, సరుకులు చేరవేసే వెనిజులా అమ్మాయి ఇంగా ఉన్నారు. వారిలో ఎవరికీ కామిక్స్‌లో ఆ కార్మికుడికి దక్కిన స్థానం దక్కలేదు. నా అసంతృప్తి అది.

అంతకంటే ముఖ్యమైనది కథ చెప్పే పద్ధతి. కామిక్స్ పేకాటతో మొదలవదు. ఒక రాత్రి కామిక్స్ రచయిత ఒకరు తన గదిలో కూర్చుని రాసుకుంటుండగా ఎదురుగా ఉన్న కుర్చీ కిర్రుమంటుంది, అందులో ఒక మనిషి ఆకారం ఏర్పడుతుంది. కాలంలో దారితప్పి తిరుగుతున్న హువాన్ అతను. తాను చూసినదంతా తెల్లవార్లూ ఆ రచయితకు చెబుతాడు. చివర్లో తాను వచ్చిపడింది ఆ మంచు ఇంకా కురవని కాలంలోకని గ్రహించి, తన ఇంటికి పరుగెత్తి, భార్యాబిడ్డలను చూసిన క్షణంలో అన్నీ మరచిపోతాడు. జరగబోయేది తెలిసినవాడు ఇప్పుడు ఆ రచయిత ఒక్కడే. దాన్ని అచ్చువేస్తే జనం జాగ్రత్తపడతారా అన్న ప్రశ్నతో కథ ఆగుతుంది.

బ్రహ్మంగారి మఠానికి దగ్గరలో పెరిగినవాడిని కాబట్టి ఈ చట్రం నన్ను వదలలేదు. రాబోయే విపత్తును ముందే చూసినవాడు దాన్ని జనం చేతిలో పెట్టి వెళ్లిపోవడం మా ప్రాంతంలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కాలజ్ఞానాన్ని తత్వాలుగా పాడుకునేవాళ్లకు చెప్పినవాడి వీరత్వంతో పని లేదు, విన్నవాళ్లు ఏం చేస్తారన్నదే ముఖ్యం. కామిక్స్‌లో హువాన్ ఎక్కువగా చెప్పేవాడు, చేసేవారు చాలామంది. మొదటి సీజన్‌లో ఆ రచయిత గది లేదు. చెప్పేవాడు పోయాక హువాన్‌కు చేసేవాడి పాత్ర ఒక్కటే మిగిలింది. తుంగభద్ర_గట్టు గారు గమనించిన ఒరుగుదలకు అసలు కారణం సైనిక గతం కాదని, ఈ చట్రం తీసేయడమేనని నా అభిప్రాయం.

రచయిత గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఓస్టెర్‌హెల్డ్‌ను 1977లో సైనిక ప్రభుత్వం ఎత్తుకుపోయింది. ఆయన నలుగురు కూతుళ్లనూ మాయం చేసింది. ఈ సిరీస్‌కు ఆయన మనవడు మార్టిన్ ఓస్టెర్‌హెల్డ్ సలహాదారుగా పనిచేశారు. మంచులో కూతురి కోసం వెతికే తండ్రిని చూస్తున్నప్పుడు ఈ సంగతి తెలిసినవారికి గుండె బరువెక్కుతుంది.

గడియార_స్తంభం (అనంతపురం)

కామిక్స్‌లో ఏముందన్నది పక్కనబెట్టి, సిరీస్‌ను సిరీస్‌గా చూద్దామని మనవి. మొదటి రెండు భాగాలు మరీ నెమ్మదిగా ఉన్నాయి. తలుపు తీయాలా వద్దా, ఎవరిని నమ్మాలి, ఎవరు ముందు వెళ్లాలి అని ఒకే గదిలో మనుషులు వాదించుకుంటూ ఉంటే నాకు ఓపిక నశించింది. మీరంతా సమష్టి అంటున్నది నాకు ఎక్కువగా మాటల రూపంలోనే కనిపించింది. ఆరు భాగాల కథను చివరిదాకా లాగాలంటే ప్రేక్షకుడి చూపు నిలవడానికి ఒక మనిషి కావాలి. దరీన్ లాంటి నటుడు ఉండగా దర్శకుడు ఆయనమీద ఆధారపడటం తప్పెలా అవుతుంది? దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో ఒకటైన మా జిల్లాలో పుట్టి, మంచునే చూడని నాలాంటివాడికి ఆ తెల్లటి నిశ్శబ్దం భయం పుట్టించిందంటే అది ఆయన కళ్ల వల్లనే.

ఆ మంచు విషయానికి వస్తే, బ్యూనస్ ఐరెస్‌లో కూడా అది అరుదే. 2007 జులై 9న అక్కడ మంచు పడినప్పుడు, 1918 తర్వాత మళ్లీ అప్పుడేనని జనం వీధుల్లోకి వచ్చి పండుగ చేసుకున్నారు. సిరీస్‌లో అదే మంచు వేసవిలో కురవడం, మొదట దాన్ని చూసి మనుషులు ఆశ్చర్యపోవడం చాలా పకడ్బందీగా తీశారు. నగర వీధులను కొలిచి, కంప్యూటరులో తిరిగి కట్టి, పెద్ద తెరల ముందు నటులను నిలబెట్టి తీసిన దృశ్యాలు కూడా కృతకంగా అనిపించలేదు. నా ఫిర్యాదు వేగం గురించి మాత్రమే.

బురుజు_నీడ (కర్నూలు)

గడియార_స్తంభం గారూ, మీకు ఓపిక నశించిన ఆ తలుపు దృశ్యాలే నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే నిజమనిపించాయి. ఎందుకో చెబుతాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఇంటరు చదువుతున్నాను. మా ఇల్లు పాతబస్తీలో నేలమీది ఇల్లు. నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాక మేము ఎదురింటివారి మిద్దెమీదికి చేరాము. రాత్రికి ఆ మిద్దెమీద చుట్టుపక్కల వీధులవాళ్లు కూడా ఉన్నారు. అందరికీ కలిపి ఒక బిందెడు మంచినీళ్లు, ఒక సంచీ బొరుగులు ఉన్నాయి. ఆ నీళ్లు పిల్లలకే ఇవ్వాలా, అందరికీ గుక్కెడు చొప్పున పంచాలా అని పెద్దవాళ్లు గంటసేపు గొడవపడ్డారు. కొత్తగా ఎవరైనా ఈదుకుంటూ వస్తే ఎక్కించుకోవాలా, మిద్దె బరువు ఆపుతుందా అని కూడా గొడవపడ్డారు. పక్కవీధిలో ఒక ఇంటివారు మెట్ల తలుపుకు తాళం వేసుకున్నారు. వారిని తిట్టినవాళ్లే తెల్లవారాక, వాళ్లింట్లో కదలలేని ముసలామె ఉందని, భయపడి ఉంటారని సర్దిచెప్పుకోవడం నా చెవులతో విన్నాను.

ఆ రాత్రి అందరినీ ఒడ్డున పడేసిన వీరుడు ఎవరూ లేరు. ఒకరికి ఈత వచ్చు, ఒకరి దగ్గర తాడు ఉంది, ఒకామె చంటిబిడ్డలందరినీ తన పక్కన పడుకోబెట్టుకుంది. మాటలు లేకుండా అది జరగలేదు, ఎంతో గొడవ జరిగాకే ఒక్కో పనీ జరిగింది. సిరీస్‌లో అపార్ట్‌మెంటు జనం లోపలివాళ్లు, బయటివాళ్లు అని విడిపోయి ఒకరినొకరు అనుమానించుకునే భాగాన్ని చూస్తుంటే మా మిద్దె గుర్తుకొచ్చింది. దాన్ని సాగదీత అంటే నేను ఒప్పుకోలేను. ఆ వాదనలను కత్తిరించి వేగం పెంచి ఉంటే మిగిలేది పురుగులతో కాల్పులే, అటువంటివి మనం ఎన్నో చూశాం.

హువాన్ విషయంలో మాత్రం నేను పెన్నా_ఇసుక అక్క వైపే. మా మిద్దెమీద ఈత వచ్చిన మనిషి ఉన్నంతమాత్రాన అది అతని కథ అయిపోలేదు. నైపుణ్యం ఒకరికి ఉంటే అది గుంపు సొత్తు అవుతుంది, దాన్ని ఎవరు ఎలా వాడారన్నదే చూడాలి.

పెన్నా_ఇసుక (కడప)

బురుజు_నీడ, నీ అనుభవం చదివాక ఇంగా గురించి చెప్పాలనిపించింది. మొదట ఆమె ఆ ఇంట్లోవారికి ఎవరూ కాదు. వేరే దేశం నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చి, ఇల్లిల్లూ తిరిగి సరుకులు అందించే పిల్ల. విపత్తు రాకపోతే ఆ స్నేహితుల్లో ఎవరూ ఆమె పేరు కూడా అడిగేవారు కాదు. ఆమెను లోపలికి రానిచ్చాక కూడా తమవారిలో కలుపుకోవడానికి వారికి సమయం పట్టింది. కువైట్‌కు, గల్ఫ్‌లోని ఇతర దేశాలకు మనుషులు వలసపోయిన ఇళ్లు మా కడప జిల్లాలో కొల్లలుగా ఉన్నాయి. పరాయి ఊళ్లో విపత్తు వచ్చినప్పుడు మన బిడ్డకు ఎవరు తలుపు తీస్తారన్న ఆలోచన మాకు ఊహ కాదు. 1957 కథలో లేని ఈ అమ్మాయిని చేర్చినందుకే నేను ఈ సిరీస్‌ను ఇష్టపడ్డాను. కాలం మార్చడం వల్ల పోయినవాటిని లెక్కబెట్టేటప్పుడు వచ్చినవాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పెన్నా_ఇసుక గారూ, ఇంగా విషయంలో మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డీజిల్_మేస్త్రి తమ్ముడు తొడుగు గురించి రాసిన మాట కూడా చాలా బాగుంది. అయితే మీరిద్దరూ ఇచ్చిన ఉదాహరణలు మొదటి మూడు భాగాల్లోనివే. నా ప్రశ్న ఆ తర్వాత ఏమైందన్నది.

చివరి భాగంలో వింత దృశ్యాలు హువాన్ కళ్ల ముందు మాత్రమే మెదులుతాయి. ఇదంతా ఒకసారి జరిగిపోయిందన్న స్ఫురణ అతనికి మాత్రమే కలుగుతుంది. అనేక వేళ్లున్న ఆ ‘హస్తం’ జీవి మనుషులను ఆడిస్తుండటం చూసేది కూడా అతనే. క్లారా వారి వశంలోకి వెళ్లిందని ప్రేక్షకుడికి తెలిసే దృశ్యం బరువు కూడా తండ్రీకూతుళ్ల మీదనే ఉంది. తెలిసినవాడు ఒక్కడే అయినప్పుడు మిగతావారు చేయగలిగేది అతన్ని నమ్మడం లేదా నమ్మకపోవడమే. ఫవాల్లి లాంటి మేధావి కూడా ఆ స్థితికి దిగిపోయాడు. పాత_కామిక్స్ గారు చెప్పిన రచయిత గది ఉండి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదన్న మాట నాకు నచ్చింది. అయినా సైనిక గతం కూడా ఆ ఒరుగుదలకు తోడైందనే నా వాదన. సైనిక స్థావరం దగ్గరికి చేరాక అక్కడి భాష హువాన్‌కు తెలుసు, ఇతరులకు తెలియదు. ఆ క్షణం నుంచి గుంపులోని మిగతా నైపుణ్యాలకు కథలో పని లేకుండా పోయింది.

గడియార_స్తంభం (అనంతపురం)

మీరంతా ఒక సంగతిని గమనించలేదనిపిస్తోంది. ఈ కథలో శత్రువు కూడా సమష్టే. వశమైపోయిన మనుషులు ఒకే లక్ష్యంతో, ఒకే క్రమంలో, ఒకరికొకరు అడ్డురాకుండా పనిచేస్తారు. వారిలో స్వార్థం లేదు, భయం లేదు, తాళం వేసుకున్న తలుపు లేదు. కలిసి ఉండటమే గొప్ప అయితే వారిని మించినవారు లేరు. అటువంటి శత్రువు ముందు నిలవగలిగింది హువాన్‌లోని సొంత జ్ఞాపకం. అది అతనిది మాత్రమే, గుంపుది కాదు. యుద్ధం అతనికి మిగిల్చిన గాయం కూడా అతని సొంతమే. చివరి భాగాలు ఒక్క మనిషి లోపలికి వెళ్లడానికి నాకు కనిపించిన కారణం ఇది. దర్శకుడు దారితప్పాడని నేను అనుకోవడం లేదు, మూల కథలోని ఆలోచనకు ఎదురుప్రశ్న వేశాడని అనుకుంటున్నాను. నాకు ఐదు, ఆరు భాగాలు నచ్చడానికి కారణం వేగం మాత్రమే కాదు, ఇది కూడా.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

గడియార_స్తంభం గారూ, ఈ చర్చలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన మాట మీదే. అయితే అదే మాట మొదటి భాగాల విలువను ఇంకా పెంచుతుంది. వశమైపోయిన మనుషులు ఒకరితో ఒకరు వాదించుకోరు. పేకాట బల్ల దగ్గరి స్నేహితులు మొదటి నిమిషం నుంచి వాదించుకుంటూనే ఉంటారు. వారు ఆడే త్రూకో ఆటలో జతగాళ్లు ముఖ కవళికలతో ఒకరికొకరు సైగలు పంపుకుంటారు, ఎదుటివారిని బుకాయిస్తారు, ఒకరి ముఖం ఒకరు చదువుకుంటారు. బురుజు_నీడ చెప్పిన మిద్దెమీద కూడా జరిగింది గొడవే. ఎవరి బుర్ర వారికి ఉన్న మనుషులు కలిసి నిలబడటం ఒకటి, ఒకే బుర్ర చెప్పినట్టు కదలడం వేరొకటి. శత్రువు ముందు హువాన్ జ్ఞాపకం ఒక్కటే నిలబడుతుందని మీరు అన్నారు. ఆ బల్ల దగ్గరి ప్రతి ఒక్కరికీ సొంత జ్ఞాపకాలు ఉన్నాయి. ఒమార్ ఏళ్ల తర్వాత తిరిగివచ్చినవాడు, ఇంగా దేశం వదిలి వచ్చింది, ఫవాల్లి ఇంటినిండా పాత వస్తువులు దాచుకున్నవాడు. వారి జ్ఞాపకాలకు కూడా చివరి భాగంలో చోటు ఉండవలసిందని నేను అడుగుతున్నాను.

డీజిల్_మేస్త్రి (అనంతపురం)

చివరి భాగంలో ఫవాల్లి చేతికి పని లేకుండా పోయిందన్న మాట వరకు అన్నతో ఏకీభవిస్తాను. పరికరం చేతిలో లేకపోతే ఆ మనిషి సగమే ఉన్నట్టు అనిపించింది. కానీ కథ ఇంకా పూర్తికాలేదు. రెండో సీజన్ ఉంటుందని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది కాబట్టి, సగం కథమీద తుది తీర్పు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఇంజను విప్పి పరిచిన చోటికి వచ్చి బండి కదలడం లేదంటే ఏ మేస్త్రీ జవాబు చెప్పలేడు.

పాత_కామిక్స్ (ప్రొద్దుటూరు)

రెండో సీజన్ మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చెప్పి ఆపుతాను. కామిక్స్‌లో ఆ ‘హస్తం’ జీవులు కూడా బానిసలే. వారి పైవారు వారి శరీరంలో ఒక గ్రంథిని అమర్చి ఉంటారు. భయం కలిగిన క్షణంలో అది విషాన్ని వదులుతుంది, ఆ జీవి చనిపోతుంది. తిరగబడాలన్న ఆలోచన వచ్చినా భయపడక తప్పదు కాబట్టి వారు ఎన్నటికీ తిరగబడలేరు. చనిపోతూ ఒక ‘హస్తం’ తాను పోగొట్టుకున్న లోకం గురించి మనుషులకు చెప్పుకునే ఘట్టం ఆ కథ మొత్తంలో నాకు అత్యంత ప్రియమైనది. ఆ మాటలు వినేవారు హువాన్ ఒక్కడేనా, లేక అతని పక్కన మిగతావారు కూడా కూర్చుని వింటారా అన్నదాన్ని బట్టి తుంగభద్ర_గట్టు గారి అభ్యంతరం నిలుస్తుందో లేదో నేను తేల్చుకుంటాను. కామిక్స్‌లో ఆ జీవి చుట్టూ ఉన్నది హువాన్ ఒక్కడు కాదు.